కింగ్ వ్యాలీలో నేను మూసిన బ్యారన్

మెల్బోర్న్ తెలుగువాళ్ళలో ఈ మధ్య ఒక కథ తిరుగుతోంది. జూన్ లాంగ్ వీకెండ్‌కి మనవాళ్ళు ముగ్గురు కింగ్ వ్యాలీ వెళ్ళారట. అక్కడ ద్రాక్షతోట నడిపే ఇటాలియన్ పెద్దావిడ ఒక తెలుగాయన్ని పదిమంది ముందు "ఇది నీ ఇండియా కాదు, బయటికి నడు" అని తరిమేసిందట. ఆ తెలుగాయన నోరెత్తకుండా తల దించుకున్నాడట.

ఆ తెలుగాయన నేనే. పేరు మాలకొండయ్య, ఊరు కందుకూరు దగ్గర. క్లేటన్‌లో పాతికేళ్ళుగా కాపురం. ఆఫీసులో పూర్తి పేరు నోరు తిరగక మాల్ అంటారు. తల దించుకున్నమాట నిజం. అరుపు నిజం. మిగతా కథ తప్పు. ఆ తప్పు కథని నేను కొన్నాళ్ళు నోరు మూసుకుని అనుభవించాను కూడా. ఇప్పుడు ఆ ప్రయాణం మొదటినుంచీ రాస్తున్నాను. మన పరువు తీస్తున్నానని ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

హ్యూమ్ హైవే మీద

వైన్ చూడటానికి వెళ్ళిన ముగ్గురిలో తాగేవాడు ఒక్కడే. మురళిది విజయవాడ, బ్యాంకులో ఫైనాన్స్ ఉద్యోగం. రెండేళ్ళ క్రితం రెడ్ వైన్ పిచ్చి పట్టుకుంది. గ్లాసు తిప్పడం, వాసన చూడటం, కళ్ళు మూసుకుని "చెర్రీ, తోలు, ఎండుటాకు" అనడం నేర్చాడు. జబ్బార్‌ది కడప, క్లేటన్‌లో మసాలా దినుసుల కొట్టు. అతనికి తాగుడు మతం ఒప్పుకోదు, నాకు కడుపు ఒప్పుకోదు. మమ్మల్నిద్దర్నీ మురళి ఎందుకు రమ్మన్నాడో కారెక్కాక తెలిసింది.

"మాల్ గారూ, మీరు తాగరు కాబట్టి డ్రైవింగ్ మీది. జబ్బార్ భాయ్ బ్యాకప్ డ్రైవర్. నేను టేస్టింగ్. టీమ్ అంటే ఇలా సెట్ అవ్వాలండీ."

"అంటే నీవు తాగేదానికి మేమిద్దరం పల్లకీ మోయాల్నా?" అన్నాడు జబ్బార్ వెనక సీట్లోంచి.

"పల్లకీకి పెట్రోల్ నాదేగా భాయ్!"

గ్లెన్‌రోవాన్‌లో ఆగాం. ఊరి మధ్యలో తలకి ఇనప డబ్బా తొడుక్కుని తుపాకీ పట్టుకున్న పాతకాలపు దొంగ విగ్రహం, రెండంతస్తుల మేడంత ఎత్తు. దొంగని ఇంత ప్రేమగా చూసుకునే ఊరు నేనింకెక్కడా చూడలేదు. కప్పుల మీద, టీ తువ్వాళ్ళ మీద, పిల్లల టోపీల మీద అతనే. బేకరీలో కూర నింపి కాల్చిన వెజిటబుల్ పై ఒకటి ఎనిమిదిన్నర డాలర్లు. లోపల బంగాళాదుంపా, గుమ్మడీ, ఉప్పు మరిచిపోయిన జ్ఞాపకమూ ఉన్నాయి. జబ్బార్ ఇంటినుంచి తెచ్చిన గుడ్డు చపాతీ చుట్టలు తీశాడు. ఒకటి అటు పక్క కూర్చున్న లారీ డ్రైవర్‌కి కూడా ఇచ్చాడు. ఆయన కొరికి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, "మేట్, ఇది పచ్చిమిర్చా, పనిష్‌మెంటా?" అని అడిగి, ఇంకోటి తీసుకున్నాడు.

వాంగరట్టా దాటి దక్షిణానికి తిరిగాక నేల మారింది. రెండువైపులా కొండలు దగ్గరకొచ్చాయి, నడుమ కింగ్ నది. ఆకు రాలిపోయి మోడుబారిన ద్రాక్ష వరసలు. ఆ వరసల మధ్య అక్కడక్కడా పొడుగ్గా, ఇరుగ్గా, రేకు కప్పుతో నిలబడ్డ పాత కట్టడాలు. నేను బ్రేకు వేశాను.

"ఏమైందండీ, కంగారూనా?" అన్నాడు మురళి.

"కాదు. బ్యారన్లు."

పొగాకు పండించే ఊళ్ళో పుట్టినవాడికి బ్యారన్‌ని ఇంకొకరు చూపించనక్కర్లేదు. కర్రలకు అల్లిన పచ్చాకుని లోపల వేలాడదీసి, సెగపెట్టి, పసుపు తేల్చే గది. అడుగున గాలి దూరే తూములు, పైన కప్పు కింద కిటికీలు. మా నాన్న మా బ్యారన్ తూములు మూసి తెరిచే పనిని ఇంట్లో ఎవరికీ అప్పగించేవాడు కాదు, కాళ్ళు నొప్పి చేశాక నాకు తప్ప. ప్రపంచానికి ఈ చివర, గొర్రెల మధ్య అవే గోడలు, అవే కిటికీలు.

లుయిజా గారి గుమ్మం

తోటలోనే రుచి చూపించి అక్కడే సీసాలమ్మే గదిని ఇక్కడ సెల్లార్ డోర్ అంటారు. లుయిజా గారిది చిన్న గది, రేకు కప్పు, పొయ్యి. రుచికి మనిషికి పదిహేను డాలర్లు, సీసా కొంటే తగ్గిస్తారు. ఆవిడకి అరవై దాటాయి. పొట్టి మనిషి, మగవాళ్ళ బూట్లు, చెవులకి బంగారు రింగులు. తాగని ఇద్దర్ని చూసి విసుక్కుంటుందేమో అనుకున్నాను. ద్రాక్షరసం పోసి, ఉప్పు వేసిన ఆలివ్ కాయలు ముందు పెట్టింది.

మురళి గ్లాసు తిప్పి, "ఇది అమరోనే కదా?" అన్నాడు.

"ఆ పేరు ఇక్కడ అనొద్దు. అనాలనిపిస్తే మెల్లగా అను," అంది.

తర్వాత చెప్పింది. అమరోనే అంటే ఇటలీలో వెరోనా పక్క కొండల్లో తయారయ్యే ఎర్ర వైన్. దానికి కట్టుబాట్లు చట్టంలో ఉన్నాయి. ఆ కొండల్లో పెరిగిన ద్రాక్షే కావాలి. కొర్వీనా అనే అక్కడి రకం ముఖ్యంగా ఉండాలి. కాసినదంతా వాడకూడదు. మంచి గుత్తులు ఏరి, అందులో ఒక వాటా మాత్రమే నీడన ఆరబెట్టాలి. నెలల తరబడి ఆరి, ముడతలుపడి, తీపి చిక్కబడ్డాకే తొక్కాలి. అదీ డిసెంబర్ ఒకటో తేదీ రాకముందు కుదరదు. తొక్కాక రెండేళ్ళకు తక్కువ కాకుండా మాగాలి. ఇవన్నీ చేసినా, చేసేది ఆ కొండల్లో కాకపోతే ఆ పేరు పెట్టుకోకూడదు.

"మరి ఆస్ట్రేలియాలో రూల్స్ ఏంటండీ?" అన్నాడు మురళి.

"సీసా మీద ఏ ద్రాక్ష పేరు రాస్తే లోపల ఎక్కువ భాగం అదే ఉండాలి. ఏ ప్రాంతం పేరు రాస్తే ఎక్కువ భాగం అక్కడిదే అవ్వాలి. ఎంత కాయించుకున్నా, ఎలా ఆరబెట్టినా, ఎప్పుడు తొక్కినా అడిగేవాళ్ళు లేరు."

"మీరు ఎప్పుడు తొక్కుతారు?"

"జూన్ ఒకటి దాటాక. అక్కడ చలికాలం డిసెంబర్‌లో, మనకి జూన్‌లో. రూల్‌ని తలకిందులు చేశాను, అంతే. ఈ సంవత్సరం వచ్చే బుధవారం."

"ఎవరూ అడగనప్పుడు ఎందుకండీ అంత కష్టం?"

"పేరు వాడుకోనివ్వరు. పద్ధతి వాడుకుంటే ఎవడాపుతాడు?" అంది ఆవిడ గడ్డం ఎత్తి.

ఆవిడ సీసా మీద ఆ పేరు లేదు. వాళ్ళ నాన్న పేరుంది, కింద "ఆరబెట్టిన ద్రాక్ష, కింగ్ వ్యాలీ" అనుంది. ఎనభై డాలర్లు. ఆయన వెరోనా కొండల్లోంచి వచ్చి ఈ లోయలో పొగాకు వేశాడట. కొనేవాళ్ళు మానేశాక పొగాకు పోయింది, బ్యారన్ మిగిలింది. అందులోనే ఇప్పుడు ద్రాక్ష ఆరుతోంది.

మాదీ పొగాకు ఇల్లేనన్నాను. ఆవిడ ముఖం విచ్చుకుంది. మురళిని గ్లాసుతో వదిలేసి, "నువ్వు రా మాల్," అని నన్ను వెనక్కి తీసుకెళ్ళింది.

బ్యారన్‌లో

తలుపు దాటగానే రెండు వాసనలు కలిసి వచ్చాయి. ఎండుతున్న ద్రాక్ష తీపి, దాని కింద గోడల్లో ఇంకిపోయిన పాత పొగాకు. కర్రలు వేలాడే చోట ఇప్పుడు చెక్క చట్రాలు, వాటి మీద వరసలు వరసలుగా పలచని ట్రేలు. ఒక్కో ట్రేలో ఒకదాన్నొకటి తాకకుండా పరిచిన గుత్తులు. కింద మూల పెద్ద ఫ్యాను. పైన కిటికీలు, కింద తూములు బార్లా తెరిచి ఉన్నాయి. ఆవిడ ఒక గింజ తుంచి ఇచ్చింది. కిస్‌మిస్ కాదు, తాజా ద్రాక్షా కాదు. తోలు ముడతపడి, లోపల ఇంకా రసం. కొరికితే బెల్లం పాకంలో చింతపండు చుక్క పడ్డట్టుంది.

ఇంతలో సెల్లార్ డోర్‌కి బస్సొకటి వచ్చిందని కేక వినబడింది. "నీకిష్టమైనంతసేపు చూడు," అని ఆవిడ వెళ్ళిపోయింది. జబ్బార్ కారు దగ్గర నమాజులో ఉన్నాడు. నేనొక్కణ్ణే మిగిలాను.

వాన మొదలైంది. రేకుల మీద టపటప. తెరిచిన కిటికీల్లోంచి తడిగాలి లోపలికి తోస్తోంది. ఫ్యాను ఆ తడినే ట్రేల మీదికి తిప్పుతోంది. సెగపెట్టి ఆరిన ఆకు ఉన్న బ్యారన్‌లోకి వానగాలి దూరితే ఆకు మెత్తబడి బూజు పడుతుంది, ఏడాది కష్టం పోతుంది. మా ఇంట్లో చినుకు పడితే అన్నం ముందు కూర్చున్నవాడైనా లేచి పరిగెత్తాలి.

నేను పరిగెత్తాను. తాళ్ళు లాగి పై కిటికీలు మూశాను. కింది తూములకు చెక్కలు అడ్డం పెట్టాను. ఫ్యాను ఆపాను. బయటికొచ్చి తలుపు గట్టిగా వేసి గడియ పెట్టాను. ఎంత చక్కగా మూశానంటే మా నాన్న చూస్తే మెచ్చుకునేవాడు.

బస్సు జనంతో లుయిజా గారు ఊపిరాడకుండా ఉన్నారు. ఇంత చిన్న సాయం గురించి చెప్పుకోవడం ఏం బాగుంటుందని ఊరుకున్నాను. కార్లో మాత్రం జబ్బార్‌కి చెప్పాను, కాస్త గొప్పగానే.

"మంచి పని చేసినావన్నా. పాపం, ముసలామె మరిచిపోయుంటాది," అన్నాడు.

ఆదివారం, పొగమంచు

విట్‌ఫీల్డ్‌లో మోటెల్. గదికి నూట అరవై. హీటరు గురించి అడిగితే యజమాని, "ఉంది, పనిచేయడం దాని ఇష్టం," అన్నాడు. పొద్దున లేచేసరికి కొండలు లేవు. పొగమంచు మింగేసింది, పైన చినుకులు. మిలావాకి వెళ్ళాం. అక్కడ చీజ్ రుచి చూపిస్తారు. మురళి నీలం బూజు పట్టిన చీజ్ తిని ఆహా అన్నాడు. "మా కొట్లో దేనికైనా బూజు పడితే ఇన్‌స్పెక్టర్ వస్తాడప్పా," అన్నాడు జబ్బార్. ఆవపిండి సీసాలమ్మే దుకాణంలో మాత్రం జబ్బార్ చాలాసేపు తిరిగి, ఒక సీసా పన్నెండు డాలర్లకు కొని, తన మీద తనే నవ్వుకున్నాడు. "ఆవాలు నేను అమ్మేది. చూడు, నేనే కొంటాండా!"

మధ్యాహ్నం పబ్బులో ఒక పెద్దాయన కలిశాడు. ఆయనా ఒకప్పుడు పొగాకు రైతే. ఈ చుట్టుపక్కల బ్యారన్లు కొన్ని పడిపోయాయి, కొన్ని ట్రాక్టర్ షెడ్లయ్యాయి, కొన్నింట్లో మంచాలు వేసి టూరిస్టులకి రాత్రికి రెండొందల యాభై డాలర్లకి అద్దెకిస్తున్నారట.

"బ్యారన్‌లో పడుకోడానికి రాత్రికి రెండొందల యాభై ఇస్తారా?" అన్నాను నమ్మలేక.

"పొగాకు వాసన వస్తోందని ఒకావిడ కంప్లయింటు కూడా ఇచ్చింది," అన్నాడాయన.

మా ఊళ్ళో సీజన్ అంతా మేం బ్యారన్ పక్కనే పడుకునేవాళ్ళం, ఉచితంగా.

ఆ రోజంతా సంతోషంగా తిరిగాం. అది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ అది నిజం. అప్పటికి గాలాడక ఆ గదిలో ఏం జరుగుతోందో నాకు తెలియదు. లుయిజా గారికీ తెలియదు. శనివారం బస్సు జనం వెళ్ళేసరికి చీకటి పడి ఆవిడ బ్యారన్ వైపు రాలేదు, ఆదివారం మనవరాలి బాప్టిజానికి వాంగరట్టా వెళ్ళారు. సెల్లార్ డోర్ చూసుకున్న మనిషి బ్యారన్ మూసి ఉండటం చూసి, ఆవిడే మూసిందనుకున్నాడు.

పసుపురంగు సంకటి

సోమవారం తిరుగుదారిలో మురళి సీసాలు తీసుకోవడానికి మళ్ళీ అక్కడ ఆగాం. సెలవురోజు కాబట్టి ఆవిడ పొద్దుటినుంచీ వంటలోనే ఉండి భోజనం పెడుతోంది. పాతిక డాలర్లు. పొడుగు బల్ల, చుట్టూ మాతో పాటు పదీ పదిహేనుమంది. చెక్క పలక మీద పొగలు కక్కుతూ పసుపురంగు ముద్ద, పైన పుట్టగొడుగుల కూర. దాన్ని పొలెంటా అంటారు, మొక్కజొన్న పిండితో చేసేది. జబ్బార్ పందికొవ్వు లేదుగదా అని రెండుసార్లు అడిగి, వేలితో నొక్కి చూశాడు.

"ఇది సంకటే కదన్నా! రంగు మార్చుకోని వచ్చింది." జేబులోంచి చిన్న డబ్బా తీసి పల్లీకారం చల్లుకున్నాడు. లుయిజా గారు ఆ డబ్బా లాక్కుని తనూ చల్లుకున్నారు. బల్లంతా చెయ్యి చాచింది.

అప్పుడు మురళి అడిగాడు. "మేడమ్, ఆరబెట్టడానికి హీటర్లు పెట్టేస్తే తొందరగా అయిపోదా?"

"కట్టుబాట్లలో అది కుదరదు. వేడిపెట్టి ఆర్చకూడదు. కొండగాలి చేసే పనే ఫ్యాను చేయాలి, అంతకంటే కాదు. అసలు ప్రాణమంతా గాలిలోనే ఉంది. వాన పడనీ, మంచు పడనీ, గాలి ఆగకూడదు. ఇలాంటి వారంలో ఒక్క రాత్రి గాలి ఆగినా బూజు. ఈ వారమంతా ఫ్యాను ఒక్క గంట ఆపలేదు."

నేను చెంచా పక్కన పెట్టాను. జబ్బార్ నా వైపు చూశాడు. అతనికీ అర్థమైంది.

"లుయిజా," అన్నాను. "శనివారం నేను మూశాను."

ఆవిడకి మొదట తలకెక్కలేదు. ఎక్కాక చెంచా కూడా దించకుండా లేచి పరిగెత్తింది. వెనకే నేను, నా వెనక బల్ల దగ్గరున్న సగంమంది. తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన మొహానికి కొట్టింది. కింది ట్రేల మీద గుత్తులకి తెల్లగా, దూదిలా పట్టుకుంది. గోడవైపు వరసలన్నీ అదే. చూపు పైకెత్తితే అక్కడక్కడా పైనా ఉంది.

ఆవిడ అరిచింది. అందరూ విన్నారు. "ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? ఎవరు?"

నేను చేసిన తప్పేంటంటే, అప్పుడు జవాబిచ్చాను. "ఇండియాలో మేం వాన పడితే మూసేస్తాం. మా బ్యారన్‌లో..."

"ఇది నీ ఇండియా బ్యారన్ కాదు! ఇది పొగాకు కాదు! బయటికి నడు! బయటికి!"

ఆ మాట పూర్తిగా ఇదీ. బ్యారన్ అన్న మాట, పొగాకు అన్న మాట అందులోంచి తీసేసి మెల్బోర్న్ అంతా తిప్పారు. నేను ముందు ఏమన్నానో కూడా తీసేశారు. ఇండియా పేరు ఎత్తింది ఆవిడ కాదు, నేను. నా సంవత్సరపు పంటలో ఎవరైనా ఇలా చెయ్యిపెట్టి ఉంటే నేను అరుపుతో ఆగేవాణ్ణి కాదు.

ఏరుడు

మురళి మొహం ఎర్రబడిపోయింది. "పదండి మాల్ గారూ, వెళ్ళిపోదాం. అందరి ముందూ అలా ఎలా మాట్లాడతారండీ? హెల్ప్ చేసిన మనిషిని!" అని కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. వాడు నా మీద ప్రేమతోనే వెళ్ళాడు. ఆ సంగతి కూడా రాయాలి.

నేను తల దించుకునే ఉన్నాను, కదల్లేదు. జబ్బార్ చొక్కా చేతులు మడిచాడు. "ఎన్నో ఏండ్లుగా మిరపకాయలు ఏరినోణ్ణి నేను. బూజుది పక్కన, మంచిది పక్కన. చెప్పమ్మా, యాడనుంచి మొదలుపెట్టేది?" అని ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ రెండు కత్తెరలు తెచ్చి ట్రే అంచు మీద పెట్టింది.

చీకటి పడేదాకా ఏరాం. బూజు గుత్తులు బకెట్లోకి, అనుమానమున్నవి పక్కకి. బాగున్నవి మళ్ళీ ట్రేలో, ఒకదానికొకటి తగలకుండా. జరిగిన నష్టానికి డబ్బిస్తానన్నాను. ఆవిడ ఇంకో ట్రే నా ముందుకు జరిపింది.

పై వరసలు చాలావరకు శుభ్రంగానే కనిపించాయి. నా ప్రాణం కొంచెం కుదుటపడింది. "ఇవి సరిపోతాయి కదా? కొంచెం తక్కువైనా ఈ ఏడాదికి..."

ఆవిడ శుభ్రంగా కనిపిస్తున్న ఒక గింజ తుంచి నోట్లో వేసుకుంది. నమిలి, చేతిలోకి ఉమ్మింది. ఇంకోటి తుంచి నాకిచ్చింది. శనివారం తిన్న తీపే, కానీ చివర్లో తడిగోడ వాసన నాలుక మీద నిలబడింది.

"బయటికి కనబడదు. లోపలికి వెళ్ళిపోయింది," అంది.

"వైన్‌లో తెలుస్తుందా?"

"నీకు తెలియదు. నీ ఫ్రెండ్‌కి తెలియదు. చాలామందికి తెలియదు."

"ఇక్కడ అడిగేవాళ్ళు లేరన్నారు కదా. ఇన్‌స్పెక్టర్ రాడు, పేరూ వాడుకోవడం లేదు."

ఆవిడ కత్తెర కింద పెట్టి నా వైపు మొదటిసారి సూటిగా చూసింది.

"అక్కడైతే ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. తప్పుచేస్తే వాడు పట్టుకుంటాడులే అని నిద్రపోవచ్చు. ఇక్కడ ఆ సుఖం లేదు మాల్."

ఆ ఏడాది వాళ్ళ నాన్న పేరుతో సీసా ఉండదని ఆవిడ అక్కడే తేల్చేసింది. మిగిలిన ద్రాక్షని ఇంకొకరి మామూలు రెడ్‌లో కలపడానికి ఇచ్చేస్తానంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఖాళీ అయిన ట్రేలు గోడకి ఆనించి కడగటం మొదలుపెట్టింది. నేనే మొహం తిప్పుకున్నాను.

బయల్దేరేటప్పుడు జబ్బార్ పల్లీకారం డబ్బా ఆవిడ బల్ల మీద వదిలేశాడు.

క్లేటన్

మేం ఏరుతున్నంతసేపూ మురళి కార్లో కూర్చుని ఫోన్‌లో రాసింది తెల్లారేసరికి అన్ని తెలుగు గ్రూపుల్లోకీ పాకింది. పొద్దున నా ఫోన్ ఆగలేదు. అంకుల్, మీకెంత అవమానం. అన్నయ్యా, మేమున్నాం. సిడ్నీలో ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేసి, "అన్నా, వాళ్ళ పేజీ మీద ఒక్క స్టార్ కొట్టించినం, మావాళ్ళందరితో. యూనివర్సిటీలో పిల్లలు కూడా కొట్టిన్రు," అన్నాడు. పెళ్ళయ్యాక అత్తారి వరంగల్ మాట వాడికి అంటుకుంది. అసోసియేషన్ మీటింగులో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒకాయన నా భుజం తట్టి, మన సహనానికి నేను నిదర్శనమన్నాడు.

నేను కూర్చున్నాను. ఆ కుర్చీలో హాయిగా ఉంది కూడా. పాతికేళ్ళుగా ఇక్కడ నిజంగా పడ్డ చిన్నచిన్న అవమానాలున్నాయి, ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరూ అడగలేదు కూడా. వాటన్నిటికీ ఇప్పుడు ఓదార్పు దొరుకుతుంటే కాదనలేకపోయాను. ఆ నిజమైన అవమానాల బాకీని ఏ పాపం ఎరగని మనిషి మీద తీర్చుకుంటున్నామని తెలిసీ కూర్చున్నాను.

కొత్తిమీర కోసం జబ్బార్ కొట్టుకి వెళ్ళాను. సరుకు తూచకుండా చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"అన్నా, నిన్న ఆ యమ్మకి ఫోన్ జేసినా, లంచ్ బుకింగులు పోతాండాయంట. ఎందుకు పోతాండాయో తెలియక తల పట్టుకుందంట. నీవు చెప్తావా, నేను చెప్పాల్నా?"

"నేనే చెబుతాలే జబ్బార్."

"ఎప్పుడు? ఇంకో దండ ఏసినాకనా?"

కొత్తిమీర ఇవ్వలేదు.

ఆ రోజే లుయిజా గారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. "అయితే అది నా వంట గురించి కాదన్నమాట," అంది. ఆవిడకి నిజంగా ఊరట కలిగినట్టే వినిపించింది. పొలెంటా బాగోక జనం రావడం లేదనుకుందట.

మురళికి కూడా ముందే చెప్పాను, ఇలా రాస్తున్నానని. "మాల్ గారూ, పోస్ట్ నేను తీసేస్తాను. సైలెంట్‌గా వదిలేద్దాం. మీరే తప్పని రాస్తే రేపు నిజంగా ఎవరైనా మనల్ని ఏమన్నా అన్నప్పుడు ఎవరు నమ్ముతారండీ?"

"ఈ అబద్ధం నిలబెట్టుకుంటే అసలు నమ్మరు మురళీ," అన్నాను.

దానికి వాడు, "నేను రాసింది కూడా రాయండి. పేరుతోనే," అన్నాడు. రాశాను.

ఒక్క స్టార్ కొట్టినవాళ్ళు ఇప్పుడు ఆ పేజీ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, మీ ఫోన్లలోనే ఉంది. తీసేయండి. నేను ముసలావిడ పక్షం చేరిపోయానని అంటే అనండి. చేరాను. తాగనివాడికి వైన్ గొడవేమిటని అడిగితే, నిజమే, ఆ వైన్ నేనింతవరకు గుక్కెడు తాగలేదు, ఇకముందు కూడా తాగను. దాన్ని చెయ్యడం మాత్రం చూశాను. చెడగొట్టడం చేశాను. ఈ రెండిటికంటే ఎక్కువ హక్కు నాకు అవసరం లేదు.

పోయిన వారం జబ్బార్ ఒక్కడే కారు తీసుకుని అక్కడికి వెళ్ళొచ్చాడు, పెద్ద డబ్బాతో పల్లీకారం ఇవ్వడానికి. ఈ ఏడాది పంట వైన్ కోసం ముందే పేరు రాయించుకున్నవాళ్ళు వచ్చి, ఎందుకు చేయలేదని అడుగుతున్నారట. లుయిజా గారు అందరికీ ఒకటే జవాబు చెబుతున్నారట, వాన అని.

మీరు ఆ లోయకి వెళ్ళండి. సంకటి తినండి, బ్యారన్ కిటికీలు తెరిచే ఉన్నాయో లేదో చూడండి. గోడ అరలో ఏడాదికొకటి పెట్టే సీసాల వరసలో, ఈ ఏడాది పంట చోటు ఖాళీగానే ఉండిపోతుంది. పక్కన నిలబడ్డవాళ్ళు ఎవరైనా అదేంటని అడిగితే, ఆవిడ వాన అనకముందే చెప్పండి. వాన కాదు, కందుకూరు మాలకొండయ్య అని.